ప్రోస్టేట్ పెరుగుదల: హార్మోన్ల స్థాయి, చికిత్సా ఫలితాలు

మగవారిలో మూత్రాశయానికి దిగువన, మూత్రనాళాన్ని చుట్టుకొని ఉండే గ్రంథి ప్రోస్టేట్. యౌవనంలో దీని బరువు సుమారు 20 గ్రాములు, అంటే పెద్ద ఉసిరికాయంత. వీర్యంలోని ద్రవంలో కొంత భాగాన్ని ఇదే తయారుచేస్తుంది. వయసు పైబడుతున్నకొద్దీ చాలామందిలో గ్రంథి లోపలి భాగం, అంటే మూత్రనాళాన్ని ఆనుకొని ఉండే కణజాలం, మెల్లగా గడ్డకట్టినట్లు పెరుగుతుంది. ఇది క్యాన్సర్ కాదు. క్యాన్సర్‌గా మారేదీ కాదు. ఆస్పత్రి కాగితాల మీద దీన్ని బీపీహెచ్ అని రాస్తారు. శవపరీక్షల ఆధారంగా 1984లో వెలువడిన ఒక ప్రసిద్ధ అధ్యయనంలో 30 ఏళ్లలోపు వారిలో ఈ పెరుగుదల కనిపించలేదు. 51-60 ఏళ్ల వారిలో సగం మందికి, 85 దాటినవారిలో దాదాపు 90 శాతం మందికి ఉంది.

గ్రంథి పెరిగిన ప్రతివారికీ ఇబ్బంది ఉండదు. ఉన్నవారి బాధ మాత్రం చిన్నది కాదు. రాత్రి మూడు నాలుగుసార్లు లేచి ఒంటికి వెళ్లాలి. ధార సన్నబడుతుంది, ముక్కితే తప్ప మొదలుకాదు. అయిపోయిందనుకున్నాక బొట్లు పడతాయి, లోపల ఇంకా మిగిలినట్లే ఉంటుంది. ఒక్కోసారి మూత్రం పూర్తిగా బిగుసుకుపోతుంది. అప్పుడు పైపు వేయక తప్పదు.

స్కానింగ్‌లో ప్రోస్టేట్ పెరిగిందని తెలియగానే చాలామంది అడిగే ప్రశ్న హార్మోన్ గురించే: మగ హార్మోన్ ఎక్కువై పెరిగిందా, తక్కువై పెరిగిందా? ఈ హార్మోన్ లేనిదే వ్యాధి రాదు. అయినా రక్తంలో దాని స్థాయి గ్రంథి ఎంత పెరిగిందో చెప్పదు, ఏ మందు పనిచేస్తుందో కూడా చెప్పదు. ఈ రెండు మాటలూ ఒకదానికొకటి పొసగనట్లు కనిపించినా రెండూ నిజమే. ఎలాగో తెలుసుకోవడానికి రెండు శతాబ్దాలకు పైగా పట్టింది.

వృషణాలతో ముడి

వృషణాలు తీసేసిన జంతువుల్లో ప్రోస్టేట్ కుంచించుకుపోతుందని బ్రిటిష్ శస్త్రవైద్యుడు జాన్ హంటర్ 18వ శతాబ్దం చివర్లోనే గమనించాడు. నూరేళ్ల తర్వాత ఫిలడెల్ఫియాలో జె. విలియం వైట్ దాన్ని మనుషుల చికిత్సగా మార్చాడు. 1895లో ఆయన ప్రచురించిన నివేదికలో వృషణాలు తొలగించిన 111 మంది రోగుల వివరాలున్నాయి. 87 శాతం మందిలో గ్రంథి త్వరగా చిక్కిపోయిందని అందులో ఉంది. ఆపరేషన్ వల్ల చనిపోయినవారూ తక్కువేమీ కాదు. మూత్రం సాఫీగా రావడానికి పురుషత్వాన్నే వదులుకోవాల్సిన ఆ చికిత్స కొన్నేళ్లకే మూలపడింది. అయితే వృషణాల నుంచి వచ్చే ఏదో పదార్థం ఈ గ్రంథిని పోషిస్తోందని మాత్రం స్థిరపడింది.

దానికి అన్నిటికంటే బలమైన సాక్ష్యం చైనాలో దొరికింది. చింగ్ రాజవంశపు కొలువులో పనిచేసి, చిన్ననాడే వృషణాలు కోల్పోయిన వృద్ధ నపుంసకులు 20వ శతాబ్దం మధ్యలో ఇంకా కొందరు బతికే ఉన్నారు. అలాంటి 26 మందిని బీజింగ్ వైద్యులు పరీక్షించారు. 21 మందిలో ప్రోస్టేట్ చేతికే తగల్లేదు. చిన్నతనంలోనే హార్మోన్ ఆగిపోతే ముసలితనంలో ఈ వ్యాధి రాదన్న మాటకు ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

అసలు పనిచేసేది డీహెచ్‌టీ

మగ హార్మోన్ టెస్టోస్టెరాన్‌లో ఎక్కువ భాగం వృషణాల నుంచి, కొద్ది భాగం అడ్రినల్ గ్రంథుల నుంచి వస్తుంది. అది ప్రోస్టేట్ కణంలోకి వెళ్లాక రూపం మారుతుంది. 5-ఆల్ఫా రిడక్టేజ్ అనే ఎంజైమ్ దాన్ని డైహైడ్రోటెస్టోస్టెరాన్‌గా, అంటే డీహెచ్‌టీగా మారుస్తుంది. కణంలోని ఆండ్రోజెన్ గ్రాహకాన్ని టెస్టోస్టెరాన్ కంటే డీహెచ్‌టీ గట్టిగా పట్టుకుంటుంది, త్వరగా వదలదు. ప్రోస్టేట్ కణ కేంద్రకంలో చేరేది ప్రధానంగా డీహెచ్‌టీయేనని 1968లో నికొలస్ బ్రుకోవ్‌స్కీ, జీన్ విల్సన్ చూపించారు.

తర్వాతి మలుపు డొమినికన్ రిపబ్లిక్ నైరుతి దిక్కున ఉన్న సలీనాస్ గ్రామంలో వచ్చింది. అక్కడ కొన్ని కుటుంబాల్లో పిల్లలు పుట్టినప్పుడు ఆడపిల్లల్లా కనిపించి, యుక్తవయసు రాగానే మగపిల్లలుగా ఎదిగేవారు. కార్నెల్‌కు చెందిన జూలియన్ ఇంపెరాటో-మెక్‌గిన్లీ బృందం వారిని పరీక్షించి 1974లో ఫలితాలు ప్రచురించింది. వారికి టెస్టోస్టెరాన్ లోటు లేదు. లేనిదల్లా దాన్ని డీహెచ్‌టీగా మార్చే ఎంజైమ్. గొంతు మారింది, కండ బలిసింది. కానీ పెద్దయ్యాక కూడా వారి ప్రోస్టేట్ చిన్నదిగానే ఉండిపోయింది, మగవారికి వచ్చే బట్టతల కూడా రాలేదు.

మెర్క్ కంపెనీలో పరిశోధనా విభాగాన్ని నడుపుతున్న రాయ్ వేజెలోస్ దృష్టికి ఈ సంగతి వచ్చింది. పుట్టుకతో వచ్చిన ఈ లోపాన్ని పెద్దవారిలో మాత్రతో తెప్పించగలిగితే టెస్టోస్టెరాన్‌ను ముట్టుకోకుండానే గ్రంథిని తగ్గించవచ్చు. అలా వచ్చిన మందే ఫినాస్టెరైడ్. రోజుకు 5 మిల్లీగ్రాముల మోతాదుకు అమెరికా మందుల నియంత్రణ సంస్థ 1992లో అనుమతి ఇచ్చింది. 2001లో డ్యూటాస్టెరైడ్ వచ్చింది. ఈ ఎంజైమ్‌లో ముఖ్యంగా రెండు రకాలున్నాయి. ప్రోస్టేట్‌లో ప్రధానమైన రెండో రకాన్ని ఫినాస్టెరైడ్ ఆపుతుంది, డ్యూటాస్టెరైడ్ రెండింటినీ ఆపుతుంది. అందుకే ఫినాస్టెరైడ్‌తో రక్తంలోని డీహెచ్‌టీ సుమారు 70 శాతం తగ్గితే, డ్యూటాస్టెరైడ్‌తో 90 శాతానికి పైగా తగ్గుతుంది. ఈ తేడా చూసి రెండోది ఎంతో మేలనుకోవడం సహజం. గ్రంథి తగ్గడంలో, మూత్ర లక్షణాల్లో ఆ మేరకు తేడా మాత్రం కనిపించలేదు. ఫినాస్టెరైడ్‌తో కూడా గ్రంథి లోపలి డీహెచ్‌టీలో అధిక భాగం పోతుంది కదా.

రక్తంలో ఒకటి, గ్రంథిలో ఒకటి

వయసుతో పాటు రక్తంలో టెస్టోస్టెరాన్ తగ్గుతూ వస్తుంది. ప్రోస్టేట్ మాత్రం పెరుగుతూ పోతుంది. అమెరికాలోని ఓమ్‌స్టెడ్ కౌంటీలో సాధారణ జనాభాను ఏళ్ల తరబడి పరిశీలించినప్పుడు గ్రంథి సగటున ఏడాదికి 1.6 శాతం పెరుగుతున్నట్లు తేలింది. హార్మోన్ తగ్గుతుంటే గ్రంథి ఎందుకు పెరుగుతోంది?

గ్రంథి తనకు కావలసిన డీహెచ్‌టీని తానే తయారుచేసుకొని నిల్వ ఉంచుకుంటుంది. రక్తంలో టెస్టోస్టెరాన్ తగ్గినా వృద్ధుల ప్రోస్టేట్ కణజాలంలో డీహెచ్‌టీ దాదాపు యువకుల స్థాయిలోనే ఉంటుంది. పైగా ఆ కొద్ది హార్మోన్ గ్రాహకాలన్నిటినీ నింపడానికి చాలు. అవి నిండాక రక్తంలో ఎంత పెరిగినా గ్రంథికి అదనంగా ఒరిగేది లేదు. ఈ సంతృప్త సిద్ధాంతాన్ని బోస్టన్ యూరాలజిస్ట్ అబ్రహాం మోర్గెంటాలర్, అబ్దుల్‌మజీద్ ట్రెయిష్ 2009లో వివరంగా ప్రతిపాదించారు. వారి అంచనాలో ఆ హద్దు డెసిలీటరుకు సుమారు 250 నానోగ్రాములు. వృషణాలు తీసేస్తే టెస్టోస్టెరాన్ ఈ హద్దుకు బాగా దిగువకు పడిపోతుంది కాబట్టి గ్రంథి చిక్కిపోతుంది. 400 నుంచి 700కు పెరిగితే ఏమీ కాదు. పాత ఆపరేషన్ల అనుభవం, నేటి రక్తపరీక్షల అనుభవం వేర్వేరుగా ఉండటానికి కారణం ఇదే.

దీన్ని నేరుగా పరీక్షించిన అధ్యయనం 2006లో వచ్చింది. టెస్టోస్టెరాన్ లోటు ఉన్న 44 మందిలో కొందరికి ఆరు నెలలపాటు హార్మోన్ ఇంజెక్షన్లు, మిగతావారికి ఉత్తుత్తి ఇంజెక్షన్లు ఇచ్చారు. ముందూ తర్వాతా ప్రోస్టేట్ నుంచి చిన్న ముక్కలు తీసి చూశారు. ఇంజెక్షన్లు తీసుకున్నవారి రక్తంలో హార్మోన్ మామూలు స్థాయికి చేరింది. గ్రంథిలోని టెస్టోస్టెరాన్, డీహెచ్‌టీ మాత్రం చెప్పుకోదగినంతగా మారలేదు. చేయిస్తున్న రక్తపరీక్షకూ, తెలుసుకోవాలనుకుంటున్న విషయానికీ మధ్య ఉన్న దూరం ఇందులో తేటతెల్లమవుతుంది.

ఈస్ట్రోజెన్ పాత్ర కూడా ఉంది. మగవారి శరీరంలో, ముఖ్యంగా కొవ్వులో, అరోమటేజ్ అనే ఎంజైమ్ టెస్టోస్టెరాన్‌ను ఈస్ట్రోజెన్‌గా మారుస్తుంది. వయసుతో టెస్టోస్టెరాన్ తగ్గి ఈస్ట్రోజెన్ వాటా పెరుగుతుంది. కుక్కల్లో ఈ రెండు రకాల హార్మోన్లూ కలిస్తే గ్రంథి బాగా పెరుగుతుందని పాట్రిక్ వాల్ష్, జీన్ విల్సన్ 1976లో చూపారు. అలాగని అరోమటేజ్‌ను ఆపే అటామెస్టేన్ అనే మందును మనుషులకు ఇచ్చి చూస్తే ఫలితం రాలేదు. ఊబకాయం, మధుమేహం ఉన్నవారిలో ప్రోస్టేట్ సమస్య ఎక్కువ. నడుం చుట్టూ కొవ్వు, రక్తంలో ఇన్సులిన్ హెచ్చుగా ఉండటం ఇందులో భాగమని భావిస్తున్నారు.

మందుల ఫలితాలు

ఎంజైమ్‌ను ఆపే మందు వాడిన ఆరు నెలల నుంచి ఏడాదిలో గ్రంథి సుమారు 20-25 శాతం తగ్గుతుంది. మందు ఆపితే మళ్లీ పెరుగుతుంది. దీని చరిత్రలో మొదట ఒక పెద్ద ఎదురుదెబ్బ ఉంది. 1996లో ఫలితాలు వెలువడిన, అమెరికా మాజీ సైనికుల ఆస్పత్రుల్లో 1,229 మందిపై ఏడాది సాగిన పరీక్షలో ఫినాస్టెరైడ్ ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగుగా పనిచేయలేదు. కండరాలను సడలించే టెరజోసిన్ మాత్రం బాగా పనిచేసింది. మందు పనికిరాదన్న మాట అప్పట్లో బాగా వ్యాపించింది.

తర్వాతి అధ్యయనాలు ఆ తీర్పును సరిదిద్దాయి. ఆ సైనికుల్లో చాలామందికి గ్రంథి పెద్దగా పెరగనేలేదు, పరీక్ష ఏడాదికే ముగిసింది. 1998లో వెలువడిన ప్లెస్ అధ్యయనం గ్రంథి పెరిగిన 3,040 మందిని నాలుగేళ్లు గమనించింది. ఉత్తుత్తి మాత్ర వాడినవారిలో 7 శాతం మందికి మూత్రం బిగుసుకుపోయింది, ఫినాస్టెరైడ్ వాడినవారిలో 3 శాతం మందికే అలా జరిగింది. ఆపరేషన్ అవసరం 10 శాతం నుంచి 5 శాతానికి దిగింది. లక్షణాల్లో ఊరట మాత్రం ఓ మోస్తరే. అందుకే ఈ మందును రాత్రి నిద్ర కోసమని ఇస్తే రోగి నిరాశపడతాడు. నాలుగైదేళ్ల తర్వాత పైపు, ఆపరేషన్ తప్పించుకోవడానికి ఇస్తున్నామని ముందే చెప్పడం వైద్యుడి బాధ్యత.

సడలించే మందుల తీరు వేరు. మూత్రాశయ ద్వారంలో, ప్రోస్టేట్‌లో ఉన్న మెత్తని కండరాలను ఇవి వదులు చేస్తాయి. 1970లలో జెరూసలేంలో మార్కో కెయిన్ మొదలుపెట్టిన పరిశోధనల ఫలం ఇది. టామ్సులోసిన్, సిలోడోసిన్ వంటివి ఈ జాతివే. వీటికి హార్మోన్లతో సంబంధం లేదు. కొద్ది రోజుల్లోనే ధార మెరుగవుతుంది, కానీ గ్రంథి పెరుగుదల ఆగదు.

రెండూ కలిపి ఇస్తే? 2003లో వెలువడిన ఎంటాప్స్ అధ్యయనంలో 3,047 మందిని సగటున నాలుగున్నరేళ్లు పరిశీలించారు. వ్యాధి ముదిరే ప్రమాదం సడలించే మందైన డోక్సజోసిన్ ఒక్కదానితో 39 శాతం, ఒక్క ఫినాస్టెరైడ్‌తో 34 శాతం, రెండూ కలిపితే 66 శాతం తగ్గింది. దీర్ఘకాలంలో మూత్రం బిగుసుకుపోవడం, ఆపరేషన్ అవసరం తగ్గింది ఫినాస్టెరైడ్ ఉన్న బృందాల్లోనే. 4,844 మందితో జరిగిన కాంబాట్ అధ్యయనంలోనూ టామ్సులోసిన్‌కు డ్యూటాస్టెరైడ్ జోడిస్తే ఒక్క టామ్సులోసిన్ కంటే ఈ రెండు ప్రమాదాలూ 66 శాతం తగ్గాయి.

రక్తంలో కొలిచే హార్మోన్ ఫలితాన్ని ముందే చెబుతుందా?

చెప్పదు. డ్యూటాస్టెరైడ్ పరీక్షల్లో పాల్గొన్నవారిని మొదట్లో ఉన్న టెస్టోస్టెరాన్ స్థాయిని బట్టి విడదీసి 2006లో మళ్లీ విశ్లేషించారు. తక్కువ ఉన్నవారికి లైంగిక ఆసక్తి మొదటి నుంచే తక్కువగా ఉంది. గ్రంథి తగ్గడంలో, మూత్ర లక్షణాలు మెరుగవడంలో మాత్రం వారికీ మిగతావారికీ తేడా లేదు. ఈ వ్యాధికి చేసే మామూలు పరీక్షల జాబితాలో టెస్టోస్టెరాన్ లేకపోవడానికి ఇదీ ఒక కారణం.

ఫలితాన్ని ముందుగా సూచించేవి రెండు: గ్రంథి పరిమాణం, ప్రోస్టేట్ నుంచి రక్తంలోకి చేరే పీఎస్ఏ అనే ప్రోటీన్ స్థాయి. అల్ట్రాసౌండ్ రిపోర్టులో పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో ఉంటాయి. మూడింటినీ గుణించి 0.52తో హెచ్చవేస్తే ఘనపరిమాణం వస్తుంది. 5.0, 4.5, 4.0 ఉన్నవారికి దాదాపు 47 మిల్లీలీటర్లు. 30 మిల్లీలీటర్లు, పీఎస్ఏ 1.5 దాటినవారికే ఎంజైమ్ నిరోధకాల వల్ల స్పష్టమైన మేలు ఉంటుంది. గ్రంథి ఎంత పెద్దదైతే మేలు అంత ఎక్కువ. 25 మిల్లీలీటర్ల గ్రంథికి ఏళ్ల తరబడి ఈ మాత్ర వాడటంలో అర్థం లేదు. లక్షణాల తీవ్రతకు వేరే కొలమానం ఉంది. ఏడు ప్రశ్నలకు మొత్తం 35 మార్కుల పట్టికలో 7 వరకు స్వల్పం, 8-19 మధ్యస్థం, 20, ఆపైన తీవ్రం.

పెద్ద గ్రంథి ఉండి, మందు సరిగా వాడుతున్నా కొందరిలో గ్రంథి తగ్గదు. బోస్టన్‌లో అరియా ఒలుమి బృందం దీనికి ఒక కారణం చూపింది. పెద్దవారిలో సుమారు 30 శాతం మంది ప్రోస్టేట్ కణజాలంలో రెండో రకం ఎంజైమ్ అసలు తయారే కావడం లేదు. డీఎన్ఏ మీద మిథైల్ గుర్తులు పడి ఆ జన్యువు మూగబోతుంది. లేని ఎంజైమ్‌ను ఆపే మందు ఏం చేయగలదు? అలాంటి గ్రంథిలో పెరుగుదలను ఈస్ట్రోజెన్ దారి నడుపుతోందని వారి అభిప్రాయం. రోగిలో ముందే దీన్ని కనిపెట్టే పరీక్ష ఇంకా వాడుకలోకి రాలేదు. వస్తే చికిత్సలో అదే పెద్ద ముందడుగు అవుతుంది.

హార్మోన్‌ను పూర్తిగా అణచే మందులతోనూ ప్రయోగాలు జరిగాయి. నఫారెలిన్‌తో గ్రంథి పావు వంతు వరకు తగ్గింది, ఆపగానే మళ్లీ పెరిగింది. లైంగిక శక్తి పోయే ఈ దారిని బీపీహెచ్‌కు ఎవరూ ఎంచుకోలేదు. ఎంజైమ్‌ను ఆపుతుందన్న పేరుతో అమ్ముడైన సా పామెట్టో అనే మూలికా సారాన్ని 225 మందిపై పరీక్షించి 2006లో ఫలితం ప్రకటించారు. ఉత్తుత్తి మాత్రకూ దానికీ తేడా లేదు.

దుష్ఫలితాలు, పీఎస్ఏ చిక్కు

ఎంజైమ్ నిరోధకాలు వాడేవారిలో కోరిక తగ్గడం, అంగస్తంభన లోపం, వీర్యం తగ్గడం కొద్దిమందికి కనిపిస్తాయి. మొదటి ఏడాది ఎక్కువ. కొందరికి రొమ్ములు ఉబ్బి నొప్పి పెడతాయి. ఆత్మహత్య ఆలోచనలు ఫినాస్టెరైడ్ దుష్ఫలితాల్లో ఒకటని 2025లో యూరోపియన్ మందుల ఏజెన్సీ నిర్ధారించింది. ఆందోళన, దిగులు మొదలైతే దాచుకోకుండా చెప్పాలి. గర్భిణులు పొడి అయిన మాత్రలను, కారుతున్న క్యాప్సూల్‌ను తాకకూడదు. కడుపులో మగబిడ్డ ఉంటే జననాంగాల ఎదుగుదల దెబ్బతింటుంది.

ఈ మందులు పీఎస్ఏను ఆరు నెలల నుంచి ఏడాదిలో సగానికి దించుతాయి. రిపోర్టులో 2.4 అని ఉంటే, మామూలు హద్దు 4 కాబట్టి భయం లేదనుకుంటారు. మాత్ర వాడుతున్న మనిషికి అది నిజానికి 4.8. ఏడాదికి పైగా వాడుతున్నవారిలో అంకెను రెట్టింపు చేసి చదవాలి. మాత్ర మీద ఉండగా పీఎస్ఏ దిగువ స్థాయి నుంచి మళ్లీ పెరుగుతుంటే, హద్దులోపలే ఉన్నా, క్యాన్సర్ కోసం వెతకాల్సిందే. 2003లో వచ్చిన 18,882 మంది అధ్యయనంలో ఫినాస్టెరైడ్ వాడినవారిలో ప్రోస్టేట్ క్యాన్సర్ దాదాపు నాలుగో వంతు తగ్గింది. ఉగ్రమైన రకం మాత్రం కాస్త ఎక్కువ కనిపించి కలవరం రేపింది. 2013 నాటి దీర్ఘకాల లెక్కల్లో రెండు బృందాల ఆయుర్దాయంలో తేడా లేదని తేలింది.

టెస్టోస్టెరాన్ తీసుకుంటే?

మగ హార్మోన్ లోటుకు చికిత్స పొందుతున్నవారు ప్రోస్టేట్ పెరుగుతుందేమోనని జంకుతారు. 5,000 మందికి పైగా పాల్గొన్న ట్రావర్స్ అధ్యయనం ప్రోస్టేట్ ఫలితాలను 2023లో ప్రచురించింది. టెస్టోస్టెరాన్ జెల్ వాడినవారిలో ఉగ్రమైన క్యాన్సర్ గానీ, మూత్రం బిగుసుకుపోవడం గానీ ఉత్తుత్తి జెల్ వాడినవారి కంటే పెరగలేదు. లోటు నిజంగా ఉందని తేల్చడానికి ఉదయం పూట, వేర్వేరు రోజుల్లో, రెండుసార్లు పరీక్ష చేయాలి. సాయంత్రం తీసిన ఒక్క నమూనాతో మందు మొదలుపెట్టడం తప్పు. లక్షణాలు తీవ్రంగా ఉన్నవారికి ముందు ప్రోస్టేట్‌కు వైద్యం చేసి, తర్వాతే హార్మోన్ సంగతి చూడాలి.

మందులతో తగ్గకపోయినా, పదేపదే మూత్రం బిగుసుకుపోయినా, మూత్రాశయంలో రాళ్లు చేరినా, కిడ్నీలు దెబ్బతింటున్నా ఆపరేషన్ తప్పదు. హార్మోన్ ఎంత ఉన్నా ఈ నిర్ణయం మారదు. ప్రోస్టేట్ మాత్రలు వాడుతున్నవారు పీఎస్ఏ పరీక్షకు వెళ్లినప్పుడు మందు పేరు, మొదలుపెట్టిన నెల తప్పక చెప్పండి. టామ్సులోసిన్ వాడుతున్నా, మునుపెప్పుడో వాడి ఆపేసినా శుక్లాల ఆపరేషన్‌కు ముందే కంటి డాక్టరుకు ఆ సంగతి తెలియజేయండి. ఆపరేషన్ మధ్యలో కనుపాప వదులై ఇబ్బంది పెట్టే ప్రమాదం ఆ మందుతో ఉంది.